వెనక చక్రాలు తిప్పే కారును విశాఖ నుంచి దూరం ఊరికి లారీ మీద చేర్చడం: సమగ్ర మార్గదర్శి

బదిలీ మీద విశాఖ వదిలే నేవీ, స్టీల్ ప్లాంట్, పోర్టు, బ్యాంకు కుటుంబాలు ఇంటి సామాన్లకి లారీ మాట్లాడుకున్నాక ఆఖర్న అడిగే ప్రశ్న ఒకటుంది: "మరి కారు సంగతేంటి?" పక్కనే ఎవరో ఒకరు వెంటనే జవాబు చెప్పేస్తారు: "లారీ వెనకాల కట్టేసుకుని పోదాం సార్, న్యూట్రల్‌లో పెడితే ఏం కాదు." ముందు చక్రాలు తిప్పే మారుతి 800 లాంటి బండిని ముందు భాగం పైకి లేపి తీసుకెళ్తే ఆ మాట కొంతవరకు చెల్లుతుంది. ఇంజిన్ వెనక చక్రాల్ని తిప్పే బండికి (రియర్ వీల్ డ్రైవ్) మాత్రం అస్సలు చెల్లదు. ఆ మాట నమ్మితే గేర్‌బాక్స్ పోతుంది.

అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, కాంటెస్సా, ఆమ్నీ, ఈకో, సుమో, క్వాలిస్, బొలెరో, టూ వీల్ డ్రైవ్ స్కార్పియో, ఇన్నోవా క్రిస్టా, టూ వీల్ డ్రైవ్ ఫార్చ్యూనర్, చాలా బీఎండబ్ల్యూ, మెర్సిడెస్ కార్లు ఈ కోవలోవే. పేరు ఒకటే కదా అని పొరబడొద్దు. 2022లో వచ్చిన ఇన్నోవా హైక్రాస్ ముందు చక్రాల బండి, అంతకు ముందువన్నీ వెనక చక్రాలవి. అనుమానం ఉంటే బండి కిందికి తొంగిచూడండి. గేర్‌బాక్స్ నుంచి వెనక యాక్సిల్ మధ్యలో ఉండే గుండ్రటి ఉబ్బు దాకా పొడవాటి ఇనుప గొట్టం కనిపిస్తే అదే ప్రొపెల్లర్ షాఫ్ట్. మీది వెనక చక్రాల బండే.

ఇక్కడ చెప్పబోయేదంతా ఒక్క సూత్రం మీద నడుస్తుంది. దూర ప్రయాణంలో ఈ బండి వెనక చక్రాలు రోడ్డు మీద దొర్లకూడదు. నాలుగు చక్రాలూ లారీ మీదకి ఎక్కాలి. అది కుదరనే కుదరకపోతే ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పాలి. మూడో దారి లేదు.

న్యూట్రల్‌లో పెడితే ఎందుకు చాలదు

ఇది అర్థమైతే మిగతావన్నీ మీకే తడతాయి కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

వెనక చక్రాలు దొర్లితే యాక్సిల్ తిరుగుతుంది, యాక్సిల్ షాఫ్ట్‌ని తిప్పుతుంది, షాఫ్ట్ గేర్‌బాక్స్‌లోని మెయిన్ షాఫ్ట్‌ని తిప్పుతుంది. న్యూట్రల్ అనేది ఇంజిన్‌కీ చక్రాలకీ మధ్య లంకె తెంపుతుందే తప్ప మెయిన్ షాఫ్ట్‌ని ఆపదు. మామూలుగా బండి నడిచేటప్పుడు గేర్‌బాక్స్ అడుగున నూనెలో మునిగి ఉండే లే షాఫ్ట్ పళ్లు తిరుగుతూ నూనెని పైకి చిమ్ముతాయి. మెయిన్ షాఫ్ట్ బేరింగులకి, బుష్‌లకి తడి అందేది అలాగే. ఆ లే షాఫ్ట్ ఇంజిన్ వైపు నుంచి తిరుగుతుంది. ఇంజిన్ ఆగి, గేరు న్యూట్రల్‌లో ఉంటే అది కదలదు. అంటే పైన షాఫ్ట్ తిరుగుతూనే ఉంటుంది, కింద నుంచి నూనె రాదు. ఇనుము మీద ఇనుము పొడిగా రాసుకుంటుంది.

వెనక చక్రం కిలోమీటరుకి దాదాపు 500 సార్లు తిరుగుతుంది. షాఫ్ట్ చాలా బండ్లలో దానికి దాదాపు నాలుగు రెట్లు తిరుగుతుంది. విశాఖ నుంచి హైదరాబాద్‌కి సుమారు 620 కిలోమీటర్లు. లెక్క వేస్తే షాఫ్ట్ సుమారు 12 లక్షల సార్లు తిరగాలి, అదీ నూనె లేకుండా.

ఆటోమేటిక్ బండి అయితే పరిస్థితి ఇంకా ఘోరం. లోపల నూనెని ఒత్తిడితో పంపే పంపుని తిప్పేది ఇంజినే. ఇంజిన్ ఆగితే ఒత్తిడి సున్నా. క్లచ్ ప్లేట్లు కాలిపోవడానికి వందల కిలోమీటర్లు అక్కర్లేదు. కొన్ని కంపెనీల మాన్యువల్‌లో తక్కువ దూరం, తక్కువ స్పీడు మీద లాగొచ్చని రాసి ఉంటుంది. అది దగ్గర్లోని వర్క్‌షాప్‌కి చేరడానికి ఇచ్చిన వెసులుబాటు, ఊళ్లు దాటడానికి కాదు. ఇంజిన్ నాలుగు చక్రాల్నీ తిప్పే ఫోర్ బై ఫోర్ బండ్లకైతే ఆలోచనే వద్దు, నాలుగు చక్రాలూ పైకే.

అమెరికా పద్ధతి, మన పద్ధతి

అమెరికాలో ఉన్న మన పిల్లలు ఇల్లు మారేటప్పుడు తామే నడుపుకునే అద్దె ట్రక్కు తీసుకుని, దాని వెనక కారు తగిలించుకుని రాష్ట్రాలు దాటుతుంటారు. అక్కడ రెండు రకాల పరికరాలు అద్దెకిస్తారు. ఒకటి టో డాలీ: ముందు రెండు చక్రాలే దాని మీద కూర్చుంటాయి, వెనకవి రోడ్డు మీద దొర్లుతాయి. రెండోది ఆటో ట్రాన్స్‌పోర్ట్ అనే పూర్తి ట్రైలర్: నాలుగు చక్రాలూ పైనే. వెనక చక్రాల బండిని డాలీ మీద పెట్టాలంటే షాఫ్ట్ విప్పాలి. అద్దె కాస్త ఎక్కువైనా పూర్తి ట్రైలరే తీసుకోమని అక్కడున్న వాళ్లకి నా సలహా. కారుని వెనక్కి తిప్పి వెనక చక్రాలు డాలీ మీద పెడదామన్న ఆలోచన చాలామందికి వస్తుంది. అప్పుడు స్టీరింగ్ చక్రాలు నేల మీద ఉంటాయి, బరువైన ఇంజిన్ తోక వైపు ఉంటుంది. స్పీడు పెరిగేకొద్దీ మొత్తం వరసంతా అటూ ఇటూ ఊగడం మొదలెడుతుంది. డాలీ మీద అలా పెట్టకూడదు.

మన దగ్గర డ్రైవర్‌తో సహా లారీ మాట్లాడుకోవడమే పద్ధతి, అదే మంచిది కూడా. కారు లైసెన్సు మీద నడపగల రవాణా వాహనం మొత్తం బరువు 7,500 కిలోలు దాటకూడదు. కారు పట్టే లారీల్లో చాలావాటికి ఆ హద్దు సరిపోదు.

తాడో గొలుసో కట్టి లాగడం గురించి కూడా చెప్పాలి. చట్టం దీన్ని దారిలో ఆగిపోయిన బండిని దగ్గర్లోని గ్యారేజీకి చేర్చడానికే ఒప్పుకుంటుంది. 2017 దాకా అమల్లో ఉన్న 1989 నాటి రోడ్డు నియమాల్లో రెండు బండ్ల మధ్య దూరం 5 మీటర్లు మించకూడదని, వెనక బండి మీద 'ఆన్ టో' అన్న బోర్డు కనపడాలని, స్టీరింగ్ దగ్గర లైసెన్సున్న మనిషి కూర్చోవాలని, స్పీడు గంటకి 24 కిలోమీటర్లు దాటకూడదని ఉండేది. ఆ స్పీడు మీద హైదరాబాద్ చేరడానికి ఆగకుండా నడిపినా 26 గంటలు పడుతుంది. పైగా ఇంజిన్ ఆగి ఉంటే బ్రేకు తొక్కుడుకి బలం కలిపే సర్వో పని చేయదు, పవర్ స్టీరింగ్ పని చేయదు. తాడు మీద వస్తున్న బండిలో కూర్చున్న మనిషి ప్రాణం ముందు లారీ డ్రైవర్ బ్రేకు మీద ఆధారపడి ఉంటుంది. ఎవరినీ అలా కూర్చోబెట్టకండి.

ఏ లారీ, ఎంత పొడవు

విశాఖలో దొరికేవి ప్రధానంగా మూడు రకాలు. లారీ మంచాన్ని, అంటే సరుకు పెట్టే పళ్లాన్ని, వెనక్కి జార్చి నేలకి ఆనించే ఫ్లాట్‌బెడ్ రికవరీ బండి, సరుకు లారీ, ప్యాకర్స్ వాళ్లు పంపే కారు క్యారియర్ కంటైనర్. ఆగిపోయిన పాత బండికి ఫ్లాట్‌బెడ్ అన్నిటికన్నా సులువు, ఎందుకంటే దానికి వించి (ఇనుప తాడు చుట్టుకుంటూ బండిని పైకి లాగే యంత్రం) ఉంటుంది, ఏటవాలు తక్కువ. దూరం పెరిగేకొద్దీ ఖర్చు మాత్రం బాగా పెరుగుతుంది. నడుస్తున్న బండికి కంటైనర్ చవక, వానకి తడవదు. కాకపోతే మిగతా కార్లు నిండేదాకా మీ కారు యార్డులో ఆగుతుంది, నేరుగా మీ ఇంటికి రాదు. ఇంటి సామాన్లతో పాటే కారూ వెళ్లాలంటే పొడుగు లారీ మాట్లాడి, ముందు సామాను, వెనక కారు పెట్టించొచ్చు. మధ్యలో గట్టి అడ్డుగోడ లేకుండా ఆ పని చేయొద్దు. సడన్ బ్రేకు పడితే బీరువా కారు మీదకో, కారు బీరువా మీదకో వస్తుంది.

కొలతల దగ్గరే చాలామంది దెబ్బతింటారు. అంబాసిడర్ పొడవు సుమారు 4.3 మీటర్లు. 14 అడుగుల లారీ మంచం 4.27 మీటర్లే. అంటే వెనక తలుపు పడదు. అంబాసిడర్‌కి 17 అడుగుల బండే కావాలి. ఇన్నోవా క్రిస్టా 4.73 మీటర్లు, ఫార్చ్యూనర్ 4.8 మీటర్లకి దగ్గర. వీటికి కూడా 17 అడుగులు సరిపోతాయి గానీ బెల్టులు కట్టే చోటు ఇరుకవుతుంది, 19 దొరికితే తీసుకోండి.

వెడల్పు ఇంకా ముఖ్యం. క్రిస్టా వెడల్పు 1.83 మీటర్లు, అంటే సరిగ్గా ఆరు అడుగులు. లారీ బాడీ లోపలి వెడల్పుని టేపుతో మీరే కొలవండి. ఫోన్లో చెప్పిన కొలత బయటిదై ఉంటుంది. పక్క గోడలు ఎత్తుగా ఉన్న లారీలోకి కారు నడిపించాక తలుపు తెరుచుకోదు, డ్రైవరు కిటికీలోంచి బయటపడాలి. అద్దం ముందే దించి పెట్టుకోవాలన్నది అక్కడ గుర్తొచ్చి లాభం లేదు. పక్క డోర్లు దించగలిగే లారీ అయితే ఈ గొడవే ఉండదు, బెల్టులు కట్టడమూ తేలిక.

ఆటోనగర్, గాజువాక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుల్లో హైదరాబాద్ వైపు ఖాళీగా తిరిగెళ్లే రిటర్న్ లారీ ఉందేమో అడగండి. రేటు బాగా తగ్గుతుంది. బేరం కుదిరాక ఈ మాటలన్నీ కాగితం మీద, కనీసం వాట్సాప్‌లో రాయించుకోండి: టోల్ ఎవరిది, ఎక్కించే దించే కూలీ ఎవరిది, హాల్టింగ్ చార్జీ ఎంత, బెల్టులు ఎవరు తెస్తారు, దారిలో వేరే లారీకి మార్చరు కదా. ఒక వాక్యం మాత్రం తప్పనిసరిగా ఉండాలి: "నాలుగు చక్రాలూ లారీ మంచం మీదే, ఎక్కడా లాగడం ఉండదు." మాట్లాడినప్పుడు ఫ్లాట్‌బెడ్ అని చెప్పి, తీరా ముందు చక్రాలు లేపే క్రేన్ బండి పంపే వాళ్లున్నారు. అలాంటిది ఇంటి ముందుకొస్తే మొహమాటపడకుండా వెనక్కి పంపేయండి.

కాగితాలు

ముందు మీ ఇన్సూరెన్స్ పాలసీ తీసి చదవండి. కాంప్రహెన్సివ్ పాలసీలో, రోడ్డు, రైలు, జలమార్గం, లిఫ్టు, విమానం ద్వారా రవాణాలో ఉండగా కారుకి జరిగే నష్టం కవర్ అవుతుందని సొంత నష్టం విభాగంలోనే రాసి ఉంటుంది. చాలామందికి ఇది తెలియక ట్రాన్స్‌పోర్టు వాళ్లు చెప్పిన ట్రాన్సిట్ ఇన్సూరెన్స్‌కి విడిగా డబ్బు కడతారు. థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే ఈ రక్షణ లేదు, అప్పుడు ట్రాన్సిట్ పాలసీ తీసుకోవాల్సిందే. రసీదు కాదు, పాలసీ కాగితమే చేతికి రావాలి.

ఆర్సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ జిరాక్సులు లారీ డ్రైవర్ దగ్గర ఉండాలి, ఒరిజినల్స్ మీ దగ్గర. ఇది సొంత వాడుక బండి, అమ్మకానికి కాదు అని ఒక ఉత్తరం రాసి సంతకం పెట్టి ఇస్తే చెకింగ్‌లో మాటలు తగ్గుతాయి. వేరే రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉండబోతే అక్కడ రీ-రిజిస్ట్రేషన్ చేయించాలి. దానికి ఫారం 28 మీద ఇక్కడి ఆర్టీఓ నుంచి ఎన్ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న పత్రం, కావాలి. విశాఖలో ఉండగానే ఆ పని మొదలెట్టండి. అన్ని రాష్ట్రాల్లోనూ చెల్లే బీహెచ్ నంబరున్న వాళ్లకి ఈ బెడద లేదు. 15 ఏళ్లు దాటిన అంబాసిడర్‌కి రిజిస్ట్రేషన్ రెన్యువల్ అయిందో లేదో చూసుకోండి. లారీ మీద ఉన్నంతసేపు ఎవరూ అడక్కపోవచ్చు, దించాక ఇంటిదాకా నడపాలంటే కావాలి.

కిందికి దూరి చూడాల్సిన పని

ఇది విశాఖ వాళ్లకి ప్రత్యేకం. లాసన్స్ బే, పెదవాల్తేరు, కిర్లంపూడి, రుషికొండ, భీమిలి వైపు ఆరుబయట ఏళ్ల తరబడి ఉన్న బండికి పైన పాలిష్ మెరుస్తున్నా కింద ఉప్పుగాలి తన పని చేసేసి ఉంటుంది. వించి కొక్కెం తగిలించేది, బెల్టు బిగించేది ఆ కిందే.

ఆటోనగర్‌లో అనుభవమున్న మేస్త్రీలు అంబాసిడర్‌ని చూసే తీరు గమనించండి. ముందు టార్చి వేయరు. స్క్రూడ్రైవర్ పిడితో ముందు బాక్స్ సెక్షన్లని (బాడీ కింద డబ్బాలా ఉండే రేకు దూలాలని), జాకీ పెట్టే చోట్లని వరసగా కొట్టుకుంటూ వెళ్తారు. గట్టి రేకు 'టంగ్' మంటుంది. తుప్పు తిన్న చోట 'దబ్' మని చచ్చు శబ్దం వస్తుంది. అక్కడ స్క్రూడ్రైవర్ మొన ఆనించి నొక్కితే పొరలు పొరలుగా ఎర్రటి పెచ్చులు రాలతాయి, ఒక్కోసారి మొన లోపలికి దిగిపోతుంది. అంబాసిడర్‌కి విడిగా ఛాసిస్ లేదు, బాడీయే ఛాసిస్. అలాంటి చోట కొక్కెం తగిలించి వించి లాగితే బండి రాదు, ముక్క ఊడొస్తుంది. బొలెరో, ఇన్నోవా క్రిస్టాలకి నిచ్చెన లాంటి విడి ఛాసిస్ ఉంటుంది కాబట్టి కొంత నయం, అయినా కొట్టి చూడాల్సిందే. తుప్పు కనిపిస్తే వించిని వేరే గట్టి చోటుకి మార్చండి, కట్టడం మాత్రం చక్రాల మీదుగా చేయండి.

ఏళ్లుగా కదలని బండి అయితే వెనక డ్రమ్ముల్లో బ్రేకు షూలు అతుక్కుపోయి ఉంటాయి. చక్రం తిరగని బండిని వించితో ఈడిస్తే టైరూ పోతుంది, యాక్సిల్ మీదా భారం పడుతుంది. లారీ వచ్చే రోజు కాదు, రెండు మూడు రోజుల ముందే జాకీ ఎత్తి నాలుగు చక్రాలూ చేత్తో తిరుగుతున్నాయో లేదో చూడండి.

ముందు రోజు

పెట్రోలు పావు ట్యాంకుకి తగ్గించండి. టైర్లలో గాలి సరిగ్గా పట్టించండి, మెత్తటి టైరు మీద బెల్టు దారిలో వదులవుతుంది. కారు లోపల సామాన్లు పెట్టొద్దు: బరువు పెరుగుతుంది, పోతే ఇన్సూరెన్స్ వాళ్లు ఒప్పుకోరు. కారియర్, యాంటెన్నా లాంటివి తీసేయండి. ఫాస్టాగ్ విషయం మరవొద్దు. లారీ మీదున్న మీ కారు ట్యాగ్‌ని టోల్ స్కానర్ చదివేస్తే మీ ఖాతాలోంచి కూడా డబ్బు కట్ అయ్యే అవకాశం ఉంది. వంటింటి అల్యూమినియం ఫాయిల్ లోపలి నుంచి ట్యాగ్ మీద రెండు మూడు మడతలు అతికిస్తే సరి.

నాలుగు వైపులా, పైన, లోపల, డ్యాష్‌బోర్డు ఫోటోలు తీయండి. ఓడోమీటర్ అంకె స్పష్టంగా పడాలి. దీని వెనక ఒక కిటుకుంది. అంబాసిడర్, పద్మిని లాంటి పాత బండ్లలో స్పీడోమీటర్ కేబుల్ గేర్‌బాక్స్ తోక నుంచి తిరుగుతుంది. వెనక చక్రాలు దొర్లితే తాళం తీసి ఉన్నా, లేకపోయినా అంకెలు మారతాయి. దిగేచోట అంకె వందల్లో పెరిగి ఉంటే, లారీ మీద రావాల్సిన బండిని ఎక్కడో లాక్కొచ్చారని గేర్‌బాక్స్ విప్పకుండానే తెలిసిపోతుంది.

ఎక్కించడం

ఎంవీపీ కాలనీ, సీతమ్మధార సందుల్లో 17 అడుగుల లారీని తిప్పించడం నరకం. పైన కరెంటు తీగలు, కింద స్పీడ్ బ్రేకర్లు. కారు నడుస్తుంటే ఆటోనగర్‌లోనో, హైవే పక్క ట్రాన్స్‌పోర్ట్ యార్డులోనో లోడింగ్ గట్టు ఉన్న చోటికి మీరే నడుపుకెళ్లండి. లారీని గట్టుకి ఆనించి వెనక్కి పెడితే కారు సమతలంగా లోపలికి వెళ్తుంది. పలకలు వేసి ఎక్కించాల్సి వస్తే అవి జారకుండా లారీకి గొలుసుతో కట్టాలి, వాలు వీలైనంత తక్కువ ఉండాలి. వాన పడుతుంటే ఆగండి. ఇనుప పలకల మీద నీళ్లు, దుమ్ము కలిస్తే వెనక చక్రాలు గిర్రున తిరిగి బండి పక్కకి జారుతుంది.

ముఖం ముందుకే పెట్టి ఎక్కించండి. పైకెక్కేటప్పుడు బరువు వెనక చక్రాల మీద పడుతుంది కాబట్టి పట్టు బాగుంటుంది. ఒక మనిషి లారీ మీద ముందు నిలబడి సైగ చేయాలి, వెనక ఎవరూ ఉండకూడదు. పిల్లల్ని దూరంగా ఉంచండి. ఇంజిన్ బరువు లారీ వెనక యాక్సిల్ కన్నా ముందు పడేలా కారుని నిలపండి. మరీ వెనక ఉంటే లారీ ముందు భాగం తేలికై స్టీరింగ్ పట్టు తగ్గుతుంది.

కట్టడం

మొత్తం పనిలో దీనికే ఎక్కువ సమయం ఇవ్వండి.

వెనక చక్రాల బండికి ఒక చిక్కుంది. హ్యాండ్‌బ్రేకు పట్టేది వెనక చక్రాలనే, గేరు పట్టేదీ వెనక చక్రాలనే. ముందు చక్రాలకి సొంతంగా ఏ పట్టూ లేదు. కాబట్టి మొదట ముందు చక్రాలకి ముందూ వెనకా చెక్క దుంగలు పెట్టి మంచానికి మేకులు కొట్టించండి. తర్వాత హ్యాండ్‌బ్రేకు వేసి, బండి బరువు దాని మీద ఆనాక మొదటి గేరులో పెట్టండి. ఆటోమేటిక్ అయినా ఇదే వరస: ముందు హ్యాండ్‌బ్రేకు, తర్వాత 'పీ'. వరస మారిస్తే బండి భారమంతా గేర్‌బాక్స్‌లోని చిన్న కొక్కెం మీద పడుతుంది.

చక్రానికి ఒకటి చొప్పున రెండు అంగుళాల రాట్చెట్ బెల్టులు (పిడి ఆడిస్తే బిగిసే పట్టీలు) నాలుగు కావాలి. వాటి మీద లేబుల్ ఉండాలి, ఎంత బరువు ఆపుతుందో రాసి ఉండాలి. కొబ్బరి తాడు, నైలాన్ తాడు పనికిరావు. వానకి ఒకటి బిగుస్తుంది, ఒకటి సాగుతుంది. బెల్టుని టైరు మీదుగా తిప్పి రెండు కొసలూ లారీ మంచానికి బిగించడం అన్నిటికన్నా మంచి పద్ధతి. చక్రం కదలదు, బాడీ మాత్రం తన స్ప్రింగుల మీద తాను ఊగుతుంది. బాడీకి కట్టి కిందికి లాగితే గుంతలో పడిన ప్రతిసారీ స్ప్రింగు నొక్కుకుంటుంది, బెల్టు వదులవుతుంది, కొక్కెం ఊడుతుంది.

టైరు మీదుగా కట్టే వీలు లేకపోతే వెనక యాక్సిల్ గొట్టానికి కట్టండి. కానీ దాని పైనుంచే బ్రేకు పైపు వెళ్తుంది. బెల్టు దాన్ని నొక్కకుండా చేత్తో తడిమి చూడాలి. ముందు వైపు క్రాస్ మెంబర్‌కి (బండి కింద అడ్డంగా ఉండే దూలానికి) గానీ, చక్రాన్ని పట్టుకునే లోయర్ ఆర్మ్‌కి గానీ వేయొచ్చు. బంపర్‌కి, స్టీరింగ్ రాడ్డుకి, యాంటీ రోల్ బార్‌కి ఎట్టి పరిస్థితుల్లోనూ వేయొద్దు. వెనక రెండు బెల్టుల్ని ఒకదానికొకటి ఎదురుగా అడ్డంగా లాగితే మలుపుల్లో తోక పక్కకి జరగదు.

అంచులు తగిలే ప్రతి చోటా పాత సైకిలు ట్యూబు ముక్క గానీ గోనె మడత గానీ పెట్టండి. సాపుగా వెళ్లే బెల్టుకి ఒక మెలిక వేస్తే గాలికి అల్లల్లాడదు. అల్లల్లాడే బెల్టు రాట్చెట్‌ని నెమ్మదిగా వదులు చేస్తుంది. పాత బండ్ల బానెట్ గొళ్లెం మీద నమ్మకం పెట్టుకోకుండా ఒక పట్టీ కట్టించండి. కారు ముఖం ముందుకుంటే ఎదురు గాలి నేరుగా దాని కిందే దూరుతుంది. తార్పాలిన్‌ని వట్టి పెయింటు మీద కప్పొద్దు. రాత్రంతా గాలికి కొట్టుకుంటే దుమ్ముతో కలిసి గీతలు గీసేస్తుంది. కప్పితే కింద మెత్తటి దుప్పటి వేసి, గట్టిగా బిగించి కప్పండి. లేదంటే వదిలేయండి, తడిసిన కారుని తుడుచుకోవచ్చు.

రోడ్డు మీద

విశాఖ నుంచి విజయవాడ దాకా ఎన్‌హెచ్-16 మీద సుమారు 350 కిలోమీటర్లు, అక్కడి నుంచి ఎన్‌హెచ్-65 మీద హైదరాబాద్. మధురవాడ, ఆనందపురం వైపు నుంచి బయల్దేరే లారీని సిటీలోకి రానీయకుండా పెందుర్తి మీదుగా అనకాపల్లి వెళ్లే ఆరు లైన్ల రోడ్డు ఎక్కించండి. పగలు సిటీలో పెద్ద బండ్లకి ఆంక్షలుంటాయి.

మొదటిసారి ఆగాల్సింది తుని దగ్గర భోజనానికి కాదు. బయల్దేరిన 20 కిలోమీటర్లలోపే. టైర్లు సర్దుకుని బెల్టులన్నీ ఒక పిసరు వదులవుతాయి. అక్కడ మళ్లీ బిగించాలి. ఆ తర్వాత అన్నవరం, రాజమండ్రి, ఏలూరు, ఇలా ఎక్కడ టీకి ఆగినా ముందు బెల్టు మీద చెయ్యి వేసి చూడమని డ్రైవర్‌కి చెప్పండి. "అన్నా, ఆగినప్పుడల్లా ఒక ఫోటో పెట్టు" అని బతిమాలి అడిగితే పెడతారు, ఫోటో తీయడానికైనా వెనక్కి వెళ్తారు. 60 దాటొద్దని కూడా చెప్పండి. ఎత్తు గురించి హైవే మీద దిగులు లేదు. ఊళ్లలో రైల్వే అండర్ బ్రిడ్జిలే ప్రమాదం. లారీ మంచం ఎత్తు, కారు ఎత్తు కలిపి టేపుతో కొలిచి ఆ అంకె డ్రైవర్ ఎదురుగా అతికించండి.

అక్టోబరు, నవంబరులో ప్రయాణమైతే తుఫాను హెచ్చరిక చూసుకోకుండా లారీ కదపొద్దు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఏం చేసిందో ఈ ఊరికి చెప్పక్కర్లేదు. పైన కారుతో నిలువెత్తు లారీ పక్క గాలిని తట్టుకోలేదు.

లాగక తప్పకపోతే: షాఫ్ట్ విప్పడం

ఫ్లాట్‌బెడ్ దొరకని చోట బండి ఆగిపోయి, ముందు చక్రాలు లేపే క్రేన్ ఒక్కటే ఉంటే ఇదే మిగిలిన దారి. మేస్త్రీతోనే చేయించండి, పక్కనే నిలబడి ఈ కిందివి జరిగేలా చూడండి.

మొట్టమొదట చక్రాలకి దుంగలు. షాఫ్ట్ ఊడిన క్షణం నుంచి గేరు బండిని ఆపదు. ఈ సంగతి మరిచి బండి కింద పడుకున్న మనిషి మీదకి బండి దొర్లిన సందర్భాలుంటాయి.

వెనక యాక్సిల్ దగ్గర షాఫ్ట్ అంచు, యాక్సిల్ అంచు కలిసే చోట రెంటి మీదా కలిపి పెయింటుతో ఒక గీత గీయించండి. తిరిగి బిగించేటప్పుడు గీతలు కలవాలి. లేకపోతే స్పీడు మీద బండి వణుకుతుంది. తుప్పు పట్టిన బోల్టులకి ముందు రాత్రే డబ్ల్యూడీ-40 గానీ డీజిల్ గానీ పట్టించి ఉంచితే తల చెక్కుకుపోకుండా వస్తాయి. షాఫ్ట్ కొసన కీలులా పనిచేసే క్రాసు కప్పులున్న రకం అయితే విప్పగానే వాటి చుట్టూ టేపు చుట్టాలి, లోపలి సన్నటి సూదుల్లాంటి బేరింగులు జారిపోతే వెతకడం అయ్యే పని కాదు. షాఫ్ట్ ముందు కొస గేర్‌బాక్స్‌లోకి జారి కూర్చునే రకమైతే లాగగానే నూనె కారుతుంది. గట్టి ప్లాస్టిక్ కవరు తొడిగి రబ్బరు ట్యూబుతో బిగించాలి. పొడుగు బండ్లలో షాఫ్ట్ రెండు ముక్కలుగా ఉండి మధ్యలో బేరింగ్ ఉంటుంది, దాన్నీ విప్పాలి. ఒక కొస విప్పి రెండోది తాడుతో పైకి కట్టి పంపేద్దాం అంటారు. ఒప్పుకోవద్దు. తాడు తెగితే కొస రోడ్డుకి గుచ్చుకుంటుంది. షాఫ్ట్ మొత్తం బయటికి తీసి, బోల్టులన్నీ ఒక కవరులో వేసి డిక్కీలో పెట్టండి.

విప్పారు కాబట్టి క్రాసులు చేత్తో ఊపి చూడండి. ఆట ఉంటే ఇప్పుడే మార్చేయండి.

దించాక

హైదరాబాద్ అయితే లారీని సిటీ లోపలికి తీసుకెళ్లే ప్రయత్నం చేయకుండా పెద్ద అంబర్‌పేట ఔటర్ దగ్గరో, హయత్‌నగర్ వైపు యార్డులోనో దించుకోవడం తేలిక. బెల్టులు విప్పే ముందే ఫోటోలు, ఓడోమీటర్ అంకె సరిచూసుకోండి. దెబ్బ కనిపిస్తే డెలివరీ కాగితం మీద అక్కడే రాసి డ్రైవర్ సంతకం తీసుకోండి. సంతకం పెట్టి పంపించాక చెప్పే మాటని ఎవరూ లెక్కచేయరు. దించేటప్పుడు వెనక్కి వస్తారు కాబట్టి గేరులో, బ్రేకు మీద, కొద్దికొద్దిగా రావాలి. క్లచ్ తొక్కి వదిలేయకూడదు.

రాత్రంతా బిగించి ఉన్న హ్యాండ్‌బ్రేకు పాత డ్రమ్ముల్లో అతుక్కుని ఉండొచ్చు. వదిలి చూసి, చక్రం తిరక్కపోతే డ్రమ్ము మీద చెక్క సుత్తితో తట్టించండి, యాక్సిలరేటర్‌తో లాగొద్దు. ఫాయిల్ తీసేయండి. షాఫ్ట్ విప్పిన బండి అయితే గీతలు కలిపి బిగించి, వీలైతే కొత్త నట్లు వేసి, కారిన గేర్ ఆయిల్ నింపించాకే ఇంజిన్ ఆన్ చేయాలి. మొదటి కిలోమీటరు నెమ్మదిగా, అద్దాలు దించి నడపండి. కింద నుంచి గరగరమన్నా, 40 దాటాక సీటు వణికినా ఆపేసి గీతలు మళ్లీ చూడాలి. ఏమీ లేకపోతే 50 కిలోమీటర్లు తిరిగాక షాఫ్ట్ బోల్టులు ఇంకోసారి బిగించండి.